మెక్ తిన్న చాక్లెట్లు

పదకొండున్నర దాటింది. పడుకుందామంటే ఒక్క మాట వదలడం లేదు. అన్నాల దగ్గర చిన్నోడు ఫోన్లో గ్రీన్ హార్నెట్ విమానం వీడియో ఏదో చూశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కూలిన అమెరికా బాంబర్ అది. బతికి తెప్పల మీద తేలిన ముగ్గురిలో మెక్ ఒకడు, ఉన్న చాక్లెట్లన్నీ ఒక్కడే తినేశాడు. అయిపోయాక, "నాన్నా, ఆ మెక్ ఉత్త తిండిపోతు కదూ" అన్నాడు. వీడియో చెప్పిందే అది, వాణ్ణేమంటాం?

ఎనిమిది మంది చనిపోయిన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. చాక్లెట్ల గురించి మాత్రం తాపీగా చెప్పుకొచ్చారు. అసలు విమానం ఎందుకు పడిందో చెప్పరే?

1943 మే 27న హవాయిలోని ఓహూ దీవి నుంచి బయల్దేరింది ఆ విమానం, బి-24 రకం బాంబర్. అంతకుముందు తప్పిపోయిన ఇంకో బి-24ను వెతకడం పని. లోపల పదకొండు మంది. ఆ విమానానికి అప్పటికే చెడ్డపేరు, దాని భాగాలు పీకి వేరేవాటికి వాడేవారు. మబ్బుల కింద సముద్రం కనబడాలని బాగా కిందికి దిగారు. అప్పుడు ఒకటో నంబరు ఇంజిన్, అంటే ఎడమవైపు చివరిది, ఆగిపోయింది. ఆగిన ఇంజిన్ ప్రొపెల్లర్ గాలికి ఊరికే తిరుగుతూ విమానాన్ని వెనక్కి లాగుతుంది. అందుకే ఆ ప్రొపెల్లర్ రెక్కల అంచు గాలికి ఎదురుగా ఉండేలా తిప్పి నిలిపేస్తారు. ఫెదర్ చేయడం అంటే అదే. నాలుగు ఇంజిన్లకీ నాలుగు బటన్లు. ఆ కంగారులో ఇంజినీరు ఒకటోదానికి బదులు రెండోదాన్ని ఫెదర్ చేశాడు. బాగా తిరుగుతున్న ఇంజిన్ అది! ఎడమవైపు రెండూ పోయాయి, కుడివైపు రెండూ లాగుతున్నాయి. విమానం ఎడమకి ఒరిగిపోయింది. అంత తక్కువ ఎత్తులో సరిదిద్దుకునే వ్యవధేదీ?

నీళ్ళేగా, మెత్తగా దిగొచ్చు అనుకుంటారు చాలామంది. ఆ వేగంలో నీళ్ళు మెత్తగా ఉండవు. పైగా బి-24 రెక్క పొట్టకి పైన ఉంటుంది, కాబట్టి మొదటి దెబ్బ పొట్టకే. బాంబుల అర తలుపులు మన కొట్ల షట్టర్లలాగా పైకి చుట్టుకుపోయే పల్చటి రేకులు. అవి ఊడితే నీళ్ళు ఒక్కసారిగా లోపలికొచ్చి విమానాన్ని చీలుస్తాయి. 1944లో వర్జీనియాలోని జేమ్స్ నదిలో ఒక బి-24ను కావాలనే దించి పరీక్షించారు కూడా. అది నది, నడిపినవాళ్ళు సిద్ధపడి దించారు. అయినా పొట్ట బాగా దెబ్బతింది.

బతికింది ముగ్గురు. పైలట్ రసెల్ ఫిలిప్స్, బాంబర్డియర్ (గురిచూసి బాంబులు వేసేవాడు) లూయీ జాంపరీనీ, తోక గన్నర్ ఫ్రాన్సిస్ మెక్‌నమారా, అంటే మన మెక్. రెండు రబ్బరు తెప్పలు. కొన్ని చాక్లెట్లు, అర పింటు నీళ్ళ డబ్బాలు కొన్ని (ఒక్కోటి పావు లీటరు కూడా ఉండదు), గాలాలు, అద్దం, పట్టకారు, గాలి పంపులు. కత్తి లేదు, రేడియో లేదు. మనిషికి పొద్దున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క అనుకున్నారు. మొదటి రాత్రి మిగతా ఇద్దరూ నిద్రపోతుంటే మెక్ మొత్తం తినేశాడు.

నిజం చెప్పాలంటే ఇక్కడిదాకా నాకూ కోపమే. చాలా ఏళ్ళు అతన్ని క్షమించలేదు. ఇవాళ రాత్రి ఇది రాస్తుంటే మాత్రం అనిపిస్తోంది, ఆ కొద్ది చాక్లెట్లు ఎంత పొదుపుగా వాడినా ఎన్నాళ్ళొస్తాయి? వాళ్ళు తేలింది 47 రోజులు. వాళ్ళని బతికించింది వాన నీళ్ళు. పంపుల కాన్వాస్ సంచుల్లో వాన పట్టి, అలలు ఉప్పు కలిపేలోపే నోటితో పీల్చి డబ్బాల్లోకి ఉమ్మి దాచేవారు.

ఇరవై ఏడో రోజున జపాన్ బాంబర్ ఒకటి వచ్చి కాల్చింది. ఒక తెప్ప పూర్తిగా పోయింది, రెండోదానికి పదుల కొద్దీ చిల్లులు. సైకిల్ షాపులో ట్యూబుకి పంక్చర్ వేయడం చూశాం కదా, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అతుకు వేస్తారు. ఇక్కడ గరుకు కాగితం తడిసి, ఇసుకంతా రాలిపోయింది. అద్దం అంచుని పట్టకారుతో పళ్ళుపళ్ళుగా కొరికించి, దాంతో గీకారు. చిల్లు మీది కాన్వాస్‌ని అడ్డంగా, నిలువుగా కోసి విప్పి, కింద రబ్బరు గీకి, జిగురు పూసి, అతుకు వేసి, ఎండకి ఆరేదాకా ఆగడం. అదీ ఒక్క చిల్లుకి. ఈలోపు ఒకరు పంపు కొడుతూనే ఉండాలి, ఆపితే తెప్ప మునుగుతుంది. మెత్తబడ్డ తెప్ప మీదికి సొరచేపలు ఎగిరి వచ్చేవి. వాటిని తెడ్డుతో బాది తరిమిన చేతుల్లో మెక్ చేతులూ ఉన్నాయి. ఎముకలు తేలిన ఒంటితో! ఆ తెడ్డు లేకపోతే జాంపరీనీ ఒడ్డు చూసేవాడు కాదు.

వీడియోలో తెడ్డు లేదు. చాక్లెట్ ఉంది.

మెక్ 33వ రోజు రాత్రి పోయాడు. తెల్లారాక మిగతా ఇద్దరూ అతన్ని నీళ్ళలోకి వదిలారు. 47వ రోజున ఆ ఇద్దరూ మార్షల్ దీవుల దగ్గర జపాన్ వాళ్ళకి చిక్కారు, 1945లో యుద్ధం ముగిసేదాకా ఖైదీలే.

చిన్నోడు నిద్రపోయాడు. పొద్దున బడికి వెళ్ళేలోపు వాడికి తెడ్డు సంగతి చెప్పాలి.