ఇంకా సెట్టవ్వనేదు

మొన్న విజయనగరం ఫూల్‌బాగ్‌లో మా ఇంటి వెనక వరండాకి సిమెంటు గచ్చు చేయించాం. "అమ్మా, ఇంకా సెట్టవ్వనేదు, ఎవరూ తొక్కకండి" అని మేస్త్రి అరుస్తూనే ఉన్నాడు. ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు హోంవర్క్ పుస్తకం చూసుకుంటూ వచ్చి నేరుగా అందులోనే అడుగేసింది. కుడికాలు, అయిదు వేళ్లూ స్పష్టంగా పడ్డాయి. తిట్టబోతూ పుస్తకంలోకి చూశాను. 'సెట్' అనే క్రియతో అయిదు వాక్యాలు రాయాలట!

రాసిన మొదటి వాక్యానికి అర్థం, అక్కకి సంబంధం కుదిరిందని. మాటలు ఇంగ్లీషువే గానీ అది అచ్చం మన గంటస్తంభం దగ్గర వినబడే సెట్. జాకెట్టు సెట్టవ్వదు, ఉద్యోగం సెట్టవుతుంది, ఆటో అబ్బాయితో రేటు సెట్ చేసుకుంటాం. ఇంగ్లీషులో అయితే పెరుగు తోడుకున్నా, విరిగిన ఎముకని సరిచేసి కట్టు కట్టినా, అలారం పెట్టినా, ప్రశ్నపత్రం తయారు చేసినా, పొద్దు గూకినా అదే మాట. నిన్నటి పనికీ రూపం మారదు, అదొక్కటే పిల్లలకి సుఖం. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో ఈ ఒక్క క్రియకే 430 అర్థాలున్నాయి.

నేను పిల్లకి ఆ మాట మూలం నుంచి చెప్పాను. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. అలారం ముల్లుని ఆరు మీద కూర్చోబెడతాం, జారిన ఎముకని దాని చోట కూర్చోబెడతారు. టీ సెట్‌లో సెట్ మాత్రం ఫ్రెంచి వైపు నుంచి వచ్చిన వేరే చుట్టం.

"మరి సూర్యుణ్ణి ఎవరు కూర్చోబెట్టారత్తా?"

ఎవరూ కాదు, తనే పోయి కూర్చుంటాడు. పాత ఇంగ్లీషులో సూర్యాస్తమయాన్ని 'ఆసనానికి వెళ్లడం' అనేవారు.

మంచం మీంచి మా అమ్మ అందుకుంది. "మనమూ అదే అంటాం కదే, పొద్దు కూకిందని!"

గూకడం వచ్చింది క్రుంకడం నుంచి, కూకోవడం నుంచి కాదు. చెబుదామని నోరు తెరిచి ఊరుకున్నాను. అప్పటికే పిల్ల దాన్ని అయిదో వాక్యంగా రాసేస్తోంది.

ఈ గోలలో నిజంగానే పొద్దు గూకింది. మేస్త్రి తాపీ పట్టుకొచ్చి ఆ పాదం ముద్రని వేలితో నొక్కి చూశాడు.

"ఇంకేటి సేత్తాం, సెట్టయిపోనాది."