పది రూపాయల ధ్యానం

ఒడిశాలోని బరంపురంలో బస్సెక్కినప్పుడే కండక్టరు నాకు పది రూపాయలు బాకీ పడ్డాడు. "చిల్లర లేదు, దిగేటప్పుడు ఇస్తా" అన్నాడు, తెలుగులోనే. చంద్రగిరిలో దిగేసరికి మనిషి బస్సు మీద నుంచి ఎవరివో మూటలు దించుతున్నాడు. మొహమాటపడి అడగలేదు. బస్సు కదిలాక నా మీద నాకే ఒళ్లు మండింది.

నేను వెళ్లింది చంద్రగిరి దగ్గరి జిరంగ బౌద్ధారామానికి. ఆరు నెలలుగా ఆఫీసు టెన్షన్, రాత్రి రెండింటికి మెలకువ. ధ్యానం చెయ్యమంది మా డాక్టరమ్మ. ఊపిరి నెమ్మదిగా వదులుతుంటే గుండె వేగం తగ్గుతుందట. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే, 2014లో 47 ట్రయల్స్‌ను కలిపి చూసిన సమీక్ష కనబడింది. ఆందోళన, దిగులు ఓ మోస్తరుగా తగ్గాయట. నిద్రకు మాత్రం గట్టి ఆధారం లేదట. నాకు కావలసింది అదే కదా!

జిరంగ చల్లగా ఉంది. 1963లో టిబెట్ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ చోటిచ్చారు. ఇప్పుడు చుట్టూ మొక్కజొన్న చేలు, గాలికి రెపరెపలాడే రంగురంగుల మంత్రాల జెండాలు. ఆరామాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. లోపల పెద్ద విగ్రహం ముందు ఓ మూల బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకున్నాను. ఊపిరి లోపలికి, బయటికి. మూడోసారికి పది రూపాయలు గుర్తొచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ కండక్టరే. ఎదురుగా అంత పెద్ద బుద్ధుడున్నా నా కళ్లకు ఆ తోలు సంచే కనబడుతోంది. పావుగంటకు లేచొచ్చి మోమోలు తిన్నాను. మా కాశీబుగ్గలో ఆ మోమోల డబ్బుకు ఇద్దరం కడుపునిండా టిఫిన్ చేస్తాం.

తిరుగు బస్సు తప్తపాణి ఘాట్ రోడ్డులో పంక్చరైంది. స్టెప్నీ బోల్టులు ఊడి రావడం లేదు. అక్కడి వేడినీటి బుగ్గ వైపు నుంచి గంధకం వాసన. అందరూ దిగి డ్రైవరుకు తలో సలహా ఇస్తున్నారు. నా పక్క సీటు పెద్దాయన మాత్రం కదలకుండా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. బరంపురం దేవాంగుల ఆయన, నలభై ఏళ్లు పట్టుచీరలు నేశాడట.

"నిద్రా అండీ?" అన్నాను, ఆయన కళ్లు తెరిచాక.

"కాదు బాబూ, ఊపిరి చూసుకుంటున్నాను."

నా గోడంతా చెప్పాను, పది రూపాయలతో సహా. ఆయన నవ్వలేదు.

"మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తాం? తెగిన కొసలు వెతికి, రెండు వేళ్లతో మెలేసి అతుకుతాం. మళ్లీ నాడె విసురుతాం. రోజుకి ఎన్ని తెగుతాయో! తెగిన ప్రతిసారీ తిట్టుకుంటూ కూర్చుంటే చీర దిగుతుందా?" బొటనవేలితో చూపుడువేలు రుద్ది చూపించాడు. ఆ వేలి కొన నున్నగా అరిగిపోయి మెరుస్తోంది.

టైరు మారేసరికి నలభై నిమిషాలు పట్టింది. నేనూ కళ్లు మూసుకున్నాను. కండక్టరు రానే వచ్చాడు. వస్తే వచ్చాడని మెలేసి, మళ్లీ ఊపిరి దగ్గరకు వచ్చాను. బస్సు ఎప్పుడు కదిలిందో తెలీలేదు.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్న పది నిమిషాలు కూర్చుంటున్నాను. నిద్ర ఇంకా అంతంతమాత్రమే. నిన్న పదకొండు పోగులు తెగాయి. నాలుగు కండక్టరువే.