డూప్లికేటు ఇల్లు

పడుకుందామంటే ఈయన మాటే చెవిలో గింగురుమంటోంది. "డూప్లికేటు ఇల్లు చూడ్డానికా ఇంత గ్యాస్ తగలేశాం?" నార్త్ కరోలినాలోని ఈ డర్హమ్ మనకి అరగంట కూడా లేదు! చిన్నది కూడా "ఫేక్ హౌస్" అంటూ కారెక్కింది. దాని నోటికి ఆ మాట అందించింది ఎవరో చెప్పక్కర్లేదుగా.

నిజమే, మేం చూసొచ్చిన, అమెరికా అంతర్యుద్ధం చివర్లో దక్షిణాది సేనలు లొంగిపోయిన బెన్నెట్ ప్లేస్‌లో అసలు ఇల్లు 1921లో కాలిపోయింది. పొగగొట్టం మిగిలింది. 1960ల్లో అలాంటి ఇల్లే మళ్ళీ నిలబెట్టారు. నాకూ ముందు ఉసూరుమనిపించింది. లింకన్‌ని చంపేశారన్న టెలిగ్రామ్‌ని ఉత్తరాది జనరల్ షెర్మన్ దక్షిణాది జనరల్ జాన్‌స్టన్‌కి చూపించిన గది అంటే, ఆ గోడలే ఉంటాయనుకుంటాం కదా. అది 1865 ఏప్రిల్ 17. మళ్ళీ 26న అక్కడే లొంగుబాటు మీద సంతకాలయ్యాయి. 89,270 మంది దక్షిణాది సైనికులు లొంగిపోయినట్టు లెక్క.

కానీ నన్ను పట్టుకున్నది వెనకున్న వంటిల్లు. జనరల్స్ మాట్లాడుకుంటున్నంతసేపూ ఇంటివాళ్ళు, జేమ్స్, నాన్సీ బెన్నిట్, అందులో కూర్చున్నారు. ఇద్దరు కొడుకులు, అల్లుడు ఆ యుద్ధకాలంలోనే పోయారు. చర్చలు జరిగిన బల్లని కూడా తర్వాత ఎవరో జ్ఞాపకంగా పట్టుకుపోయారట.

90 తుఫాను తర్వాత ఎమ్మార్వో గారు మా ఊరొచ్చినప్పుడూ ఇంతే. ఆయన వసారాలో పడక్కుర్చీలో, నాయనమ్మ వంటింట్లో తడి పుల్లలతో కుస్తీ పడుతూ. కాఫీలు మాత్రం గాజు గ్లాసుల్లో వెళ్తూనే ఉన్నాయి. కొబ్బరిచెట్లు ఎన్ని పడ్డాయని అడిగితే తాతయ్య పదకొండన్నాడు. "పదమూడు!" అని లోపల్నుంచి నాయనమ్మ. పశువుల పాక వెనక రెండు ఆయన చూడనేలేదు. గుమస్తా ఒకసారి తలుపు వైపు చూసి, పదకొండే రాసుకున్నాడు. ఆ రాత్రి తాతయ్యకి మజ్జిగ కూడా పోయలేదావిడ.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. పాత కలప తెచ్చి ఎవరైనా అలాంటి వసారా కడితే విమానమెక్కి వెళ్తాను. ఏమో, వెళ్ళి వంటింటి గుమ్మం ఎటు పెట్టారో చూసి తగువేసుకుంటానేమో కూడా. అలా చూస్తే ఈయన గొణుగుడులోనూ కొంత న్యాయముంది. కొంతే.

వచ్చే శనివారం, ఒకప్పుడు బానిసలతో పని చేయించిన స్టాగ్‌విల్ ఎస్టేట్‌కి వెళ్దామన్నాను. అక్కడ హార్టన్ గ్రోవ్‌లో బానిసలు 1850ల్లో కట్టిన ఇళ్ళు అసలువే నిలబడి ఉన్నాయి, ఇటుకల్లో వేలిముద్రలతో సహా. ఆ వేళ్ళు ఎవరివని చిన్నది అడుగుతుంది. అడక్కుండా ఊరుకునే రకం కాదు. ఏం చెప్పాలో ఈ వారంలో ఆలోచించుకోవాలి. ఈయన మీదకి తోస్తే కుదరదు.