గర్భసంచి తీసేయమన్నారు, లోపలి పొర మాత్రం కాల్పించుకున్నాను

నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి రక్తం పోతే ఎక్కువ పోతున్నట్టని వైద్య పుస్తకాల లెక్క. ఇంట్లో దాన్ని కొలిచేదెవరు? గంటకీ రెండు గంటలకీ ప్యాడ్ నిండిపోవడం, రూపాయి బిళ్ళకంటే పెద్ద రక్తం గడ్డలు పడటం, వారం దాటినా ఆగకపోవడం, రాత్రి రెండు ప్యాడ్లు పెట్టుకుని కింద పాత టవల్ పరుచుకోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. నాకు అన్నీ ఉండేవి.

మా అనంతపురం వైపు దీనికి ఒకటే మందు. "పిల్లలు పుట్టేసినారు, ఆపరేషన్ కూడా చేయించుకున్నావు, ఇంక ఆ సంచితో ఏం పని? తీసేస్తే పీడా పోతుంది." ఈ మాట అన్నది మా అత్త కాదు, స్కానింగ్ రిపోర్టు మొదటి పేజీ కూడా తిప్పని ఒక లేడీ డాక్టరు. అప్పటికి నాకు థైరాయిడ్ చూడలేదు, గర్భసంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. అందులో ఎంతమంది ఇలాంటి మాట విని ఆపరేషన్ బల్ల ఎక్కారో! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. క్యాన్సరో, సంచిలో పెద్ద పెద్ద కండ గడ్డలో (ఫైబ్రాయిడ్లు) ఉంటే తీయాల్సిందే, కాదనను. కారణం వెతక్కుండా తీయమనడం మీదే నా కోపం.

బెంగళూరులో ఒక రాత్రి రక్తం పోవడం ముదిరింది. బాత్రూంలో లేవబోతే చెవుల్లో హోరు, కళ్ళ ముందు టైల్స్ పసుపుపచ్చగా తిరిగాయి. కింద పడిన గడ్డ నిమ్మకాయంత ఉంది. మా ఆయన పట్టుకోకపోతే తల వాష్‌బేసిన్‌కి తగిలేదే. ఎమర్జెన్సీలో హిమోగ్లోబిన్ 6.4. డ్యూటీలో ఉన్న సిస్టర్‌ది చిత్తూరు వైపట. కాళ్ళ కింద దిండ్లు పెట్టి, "అక్కా, కండ్లు మూయొద్దు, నాతో మాట్లాడు" అంటూ కూర్చుంది. నా ప్యాడ్లు పారేయకుండా కవర్లో వేసి తూకం వేసింది. కొత్త ప్యాడ్ బరువు తీసేస్తే, గ్రాముకి సుమారు ఒక మిల్లీలీటరు రక్తం కింద లెక్క. అంత భయంలోనూ, నా రక్తం లెక్క చూసినవాళ్ళు ఒకరున్నారని ధైర్యం వచ్చింది. నరంలోకి రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చారు, రక్తం ఎక్కించారు. ఒక్కో ప్యాకెట్‌కి హిమోగ్లోబిన్ సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే, లేదా లేవగానే కళ్ళు తిరిగితే, తెల్లారేదాకా ఆగకండి.

తర్వాత పరీక్షలన్నీ ఒక వరసలో జరిగాయి: ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కింది నుంచి చేసే స్కానింగ్, పొర బయాప్సీ. 45 దాటినవాళ్ళకు బయాప్సీ వదలకూడదు. పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఇలాగే పోతుంటే వాన్ విల్లీబ్రాండ్ లాంటి రక్తం గడ్డకట్టని జబ్బులు కూడా చూడాలి. ముందు మాత్రలతో ప్రయత్నిస్తారు. ట్రానెక్సామిక్ 500 మిల్లీగ్రాములవి రెండేసి, రోజుకు మూడు పూటలు, ఎక్కువ పోయే రోజుల్లో మాత్రమే. కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అది వద్దు. గర్భసంచిలో పెట్టే, 52 మిల్లీగ్రాముల హార్మోను ఉండే లూప్ చాలామందికి బాగా పనిచేస్తుంది. అయితే మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించడం మామూలే. నాకు ఆ తర్వాత కూడా ఆగలేదు, తీసేశారు. అప్పుడొచ్చింది అబ్లేషన్, అంటే లోపలి పొరను మాత్రం కాల్చేయడం అనే మాట.

గర్భసంచి లోపలి పొరకు అడుగున ఒక మొలిచే భాగం ఉంటుంది. పై పొర నెలనెలా రాలిపోయినా దాని నుంచే మళ్ళీ పుడుతుంది. ఆ అడుగుదాకా కాల్చాలి, అప్పుడే పని అవుతుంది. అందుకే పొర పల్చగా ఉన్నప్పుడు, నెలసరి అవగానే, చేస్తే నయం. కొన్ని పద్ధతుల్లో ముందుగా హార్మోను ఇంజెక్షన్‌తో పల్చబరుస్తారు. బెలూన్ పద్ధతిలో లోపల పెట్టిన బుడగను 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో నింపి 87 డిగ్రీలకు వేడి చేసి 8 నిమిషాలు ఉంచేవారు. నాకు చేసింది రేడియో తరంగాల వల. మూసిన గొడుగులా లోపలికి పోయి గర్భసంచి ఆకారానికి తెరుచుకుంటుంది. ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి ఎక్కడైనా చిల్లు ఉందేమో చూస్తారు. గ్యాస్ నిలవకపోతే యంత్రం కరెంటు వదలదు. కాల్చేది గరిష్ఠంగా 2 నిమిషాలే. సాయంత్రానికి ఇంటికి పంపారు.

ఆ రాత్రి పొత్తికడుపు పట్టేసింది, నొప్పి మాత్రలకు తగ్గింది. రెండు మూడు వారాలు గులాబీ రంగు నీళ్ళలా పోతుంది, బెంబేలు పడక్కర్లేదు. జ్వరం 100.4 దాటినా, మర్నాడు తగ్గాల్సిన నొప్పి పెరుగుతున్నా, వాసన వచ్చినా, పొట్ట ఉబ్బినా వెంటనే వెళ్ళాలి. వేడి తగిలి పేగు దెబ్బతింటే, అది కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు.

మనవాళ్ళకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మనలో చాలామంది రెండో కాన్పు కాగానే పిల్లల ఆపరేషన్ చేయించుకుంటాం. ట్యూబులు కట్టేసి ఉండగా లోపల కాల్చితే, ట్యూబు మూలల్లో మిగిలిన పొర నుంచి నెలనెలా రక్తం వచ్చి, బయటికి దారిలేక ఆగిపోవచ్చు. అప్పుడు ఒకవైపో రెండువైపులో డేట్ సమయానికి నొప్పి లేస్తుంది. రక్తం కనబడదు కాబట్టి గ్యాస్ నొప్పని కొట్టిపారేస్తారు. సిజేరియన్ అయినవాళ్ళు కుట్టు దగ్గర గోడ మందం ఎంతుందో అడగండి. సంచి గోడలోకే పొర చొచ్చుకుపోయిన అడినోమయోసిస్ ఉన్నా, వయసు 45 లోపైనా, మళ్ళీ ఆపరేషన్ అవసరపడే అవకాశం ఎక్కువ. పిల్లలు కావాలనుకునేవాళ్ళు దీని జోలికే వెళ్ళకూడదు. అలాగని ఇది గర్భనిరోధకం కాదు. తర్వాత గర్భం నిలిస్తే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి ట్యూబులు కట్టనివాళ్ళు జాగ్రత్త పడాలి.

నాకు పూర్తిగా ఆగలేదు. రెండు చిన్న ప్యాడ్లతో సరిపోతుంది, అదే పండగ. అమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుందట, తీర్చాం. ఐరన్ మాత్ర మాత్రం ఆపలేదు. రోజు విడిచి రోజు, నిమ్మరసంతో, కాఫీకి దూరంగా. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఫెరిటిన్ నిండేదాకా కొనసాగించాలి.

డిశ్చార్జి కాగితాలు లామినేట్ చేయించి పెట్టుకున్నాను. లోపల మచ్చలు కట్టడంతో ముందుముందు బయాప్సీ తీయడం కష్టమవుతుంది, చూసే డాక్టరుకు ఆ సంగతి తెలియాలి. ముట్లుడిగాక చుక్క రక్తం కనిపించినా చూపించుకోవాలి. ఆ వయసులో ఒళ్ళంతా వచ్చే వేడి ఆవిర్లకు ఈస్ట్రోజన్ హార్మోను ఒక్కటే రాస్తే, అబ్లేషన్ అయినా సంచి ఉందని చెప్పి ప్రొజెస్టిరాన్ హార్మోను కూడా అడగండి. అక్కడక్కడా మిగిలిన పొరకు అది కావాలి.