తెల్ల చెప్పులు

"అమ్మా, ఇక్కడ చెప్పులేవి?"

అరకులో లాడ్జి గదిలోకి వచ్చి ఇంకా బ్యాగులు కూడా దించలేదు. మా చిన్నది అల్మరా తీసి చూసింది, మంచం కిందకి వంగింది, బాత్రూం తలుపు వెనక వెతికింది. చెప్పులు దాని కాళ్లకే ఉన్నాయి కదా, ఏం వెతుకుతోందా అని నేను చూస్తున్నాను. "ఇవి కాదమ్మా. తెల్లవి. కవర్లో పెట్టి ఇస్తారు చూడు, మెత్తగా ఉంటాయి."

మా నాన్న కుర్చీలో కూర్చుని మఫ్లరు విప్పుకుంటూ, "చెప్పులు కూడా ఆళ్లే ఇస్తారేటే?" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యం.

దానికి ఎనిమిదేళ్లు. దాని దృష్టిలో హోటలు గది అంటే కొన్ని ఉండి తీరాలి. కార్డు గుచ్చితే లైట్లు వెలగాలి. మంచం మీద తువ్వాలుతో చేసిన హంస ఉండాలి. చిన్న ఫ్రిజ్‌లో మనం ముట్టుకోకూడని చాక్లెట్లు ఉండాలి. కిటికీలోంచి ఈతకొలను కనిపించాలి. ఇక్కడ కిటికీలోంచి పక్కింటి పెరట్లో ఆరేసిన చీరలు, వాటి వెనక కొండ కనిపిస్తున్నాయి. పెద్దాడికి పన్నెండేళ్లు. వాడు ఏమీ వెతకలేదు. మంచం మీద వాలి, ఫోన్లోంచి తల ఎత్తకుండా, "రేటింగ్ 3.6 అని నేను ముందే చెప్పాను" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద అన్నది మాత్రం వెంటనే తేలలేదు.

ఇదంతా 2021లో మొదలైంది. కరోనా భయం కాస్త తగ్గాక, ఎక్కడికీ పోలేక, మన విశాఖలోనే భీమిలి రోడ్డులో ఒక రిసార్టులో రెండు రాత్రులు ఉందామని మా ఆయన అన్నారు. ఎంవీపీ కాలనీ నుంచి అరగంట కారు ప్రయాణం. రోజూ సాయంత్రం ఊరికే చూసే సముద్రాన్ని బాల్కనీలోంచి చూడ్డానికి డబ్బు కట్టాం. చెప్పుకుంటే నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ రెండు రోజులూ నేను ఎంత నిద్రపోయానో నాకే తెలుసు. ఆ తర్వాత కేరళ, పడవ ఇల్లు. తర్వాత గోవా. నిరుడు వేసవిలో సింగపూర్. ప్రతిసారీ గది వెనకటిసారి కన్నా ఒక మెట్టు పైనే ఉండేది. ఎవరూ పనిగట్టుకుని నిర్ణయించింది కాదు. ఒకసారి బాల్కనీ ఉన్న గది తీసుకున్నాక, బాల్కనీ లేని గది ఫోటో చూస్తే ఏదో కొరత ఉన్నట్టే అనిపిస్తుంది.

గోవా నుంచి వచ్చాక మా అత్తగారు పిల్లల్ని కూర్చోబెట్టుకుని, "అక్కడ ఏం చూశార్రా?" అని అడిగారు. చిన్నది ఆలోచించి, "లిఫ్టులోంచి స్విమ్మింగ్ పూల్ కనిపిస్తుంది నానమ్మా" అంది. పెద్దాడు, "బ్రేక్‌ఫాస్ట్‌లో పదకొండు రకాల కేకులు" అన్నాడు. లెక్కపెట్టాడన్నమాట. మేం చూసిన కోట, చర్చి, బీచి, ఏవీ రాలేదు.

నా చిన్నప్పటి పూరీ యాత్ర ఇలా కాదు. మా నాన్న పోర్టులో, ఇనప ఖనిజాన్ని ఓడలకెక్కించే ఓర్ హ్యాండ్లింగ్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. మేం సాలిగ్రామపురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఉద్యోగులకి ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ వస్తే తప్ప ఊరు దాటింది లేదు. 1992లో పూరీ వెళ్లాం. ఆయన ఖర్చు రాసుకున్న చిన్న నోటుబుక్కు ఇంకా ఉంది. ధర్మశాల మూడు రోజులకి 45. రిక్షా 12. ఖాజా 20. పిల్లలకు ఐస్‌క్రీం 4. ఆ నాలుగు రూపాయల ఐస్‌క్రీం నాకు ఇప్పటికీ గుర్తే. పుల్ల ఐసు, నారింజ రంగు, తమ్ముడిది సగం ఇసకలో పడిపోయింది, నాన్న ఇంకోటి కొననన్నారు. హోల్డాల్, మరచెంబు, పులిహోర డబ్బా. రాత్రి ధర్మశాల వరండాలో పరుపు పరిచాక, తమ్ముడు నిద్రలో లేచి ఎటైనా పోతాడేమోనని అమ్మ తన చీర కొంగు వాడి కాలికి కట్టుకుని పడుకుంది.

ఇక్కడ ఆపేసి, ఆ రోజులే వేరు అని నిట్టూర్చాలని ఉంది. కానీ ఆ ధర్మశాల బాత్రూం వాసన కూడా నాకు గుర్తుంది. ఇంకోటి కూడా. పొద్దున్న మేం లేచేసరికి అమ్మ పంపు స్టవ్వు కొడుతూ ఉండేది. ఉప్మా చేసేది, గిన్నెలు తోమేది, మా బట్టలు ఉతికి కిటికీ ఊచలకి ఆరేసేది, అప్పుడు గుడికి బయల్దేరేది. ఆవిడకి పూరీ అంటే వంటగది మారడమే. నాన్న నోటుబుక్కులో దానికి ఖర్చేమీ రాయలేదు.

అందుకే ఎవరైనా "పిల్లల్ని రిసార్టులకు తిప్పి పాడుచేస్తున్నారు" అంటే నేను వెంటనే తల ఊపలేను. నేను మూడు రోజులు టిఫిను గురించి ఆలోచించని చోటు అది. పక్క ఎవరో సర్దుతారు, ప్లేటు ఎవరో తీస్తారు. నాకది ఎంత సుఖమో, రోజూ నేను చేసే పనే కాబట్టి నాకు తెలుసు. చిక్కేమిటంటే పిల్లలు ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. నాకు సెలవు అయినది వాళ్లకి మామూలు అయిపోయింది.

ఇది నాకు తెలిసొచ్చింది కూడా ఆ భీమిలి రోడ్డు రిసార్టులోనే. పోయిన ఏడాది మా పెళ్లిరోజుకి మళ్లీ వెళ్లాం. పొద్దున్న బఫే. చిన్నది ప్లేట్లో ఒక పాన్‌కేక్, ఒక డోనట్, రెండు పుచ్చకాయ ముక్కలు, ఒక మినీ ఇడ్లీ, దాని మీద ఎందుకో చాక్లెట్ సాస్. అన్నీ ఒక్కో కొరుకు కొరికి వదిలేసింది. నేను ఆ ఇడ్లీ వైపు చూస్తుండగా, పెద్దాడు కుడి చెయ్యి పైకెత్తి వేలు చూపించాడు. ఎడమ చేతిలో ఫోను. చూపు ఫోన్లోనే ఉంది. వేలు మాత్రం గాల్లో ఉంది, వాటర్ బాటిల్ కోసం. యూనిఫాం వేసుకున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "చెప్పండి సార్" అన్నాడు. మా వాణ్ణి. పన్నెండేళ్లవాణ్ణి.

"ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

"చోడవరం దగ్గరండి."

ఇరవై ఏళ్లుంటాయేమో. చాక్లెట్ సాస్ పోసిన ఇడ్లీతో సహా ప్లేటు తీసుకుపోయాడు. నాకు ఆ ఇడ్లీ వృథా అయినందుకు కాదు, ఆ వేలు చూసి సిగ్గేసింది. ఇంటికొచ్చాక బాగా తిట్టాను. వాడు, "నాన్న కూడా అలాగే పిలుస్తారుగా" అన్నాడు. మా ఆయన టీవీ సౌండు పెంచారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో వెతుకుతుంటే ఒక పాత పరిశోధన కనిపించింది. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, మరో ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 22 మంది లాటరీ విజేతలతో మాట్లాడారు. స్నేహితుడితో కబుర్లు, టీవీ చూడ్డం, పొద్దున్న టిఫిను తినడం లాంటి చిన్న చిన్న విషయాలు మీకు ఎంత ఆనందం ఇస్తాయి అని అడిగారు. లాటరీ కొట్టనివాళ్ల కన్నా కొట్టినవాళ్లే తక్కువ చెప్పారు. 22 మంది అంటే చాలా చిన్న లెక్క, మా ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్ అంత. అయినా ఆ జాబితాలో టిఫిను ఉండటం నన్ను పట్టుకుంది. చాక్లెట్ ఇడ్లీ కళ్ల ముందు ఆడింది.

అరకు ప్లాను అలా పుట్టింది. సంక్రాంతి సెలవులకి, నాన్నని తీసుకుని, రైల్లో, మామూలు లాడ్జిలో. పిల్లలకి కాస్త నేల తగిలిద్దామని. నాన్న ఉంటే పాతకాలం కథలు చెబుతారు, పిల్లలు వింటారు, నేను పక్కన కూర్చుని తృప్తిపడతాను అని నా ఊహ.

రైలు వరకు ఊహ బాగానే సాగింది. కిరండూల్ బండి. దీనికి 2017లో అద్దాల పెట్టె ఒకటి తగిలించారు, విస్టాడోమ్ అంటారు. చిన్నది ప్లాట్‌ఫాం మీద దాన్ని చూసి అదే ఎక్కుదామంది. మేం ఎక్కింది ఊచల కిటికీల పెట్టె. కొత్తవలస దాటాక నాన్నకి ఊపు వచ్చింది. "ఈ లైను ఏసిందే మా కోసం" అని మొదలుపెట్టారు. నిజమే. బైలదిల్లా గనుల ఇనప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దించి జపాన్ పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. కొండ మీంచి దిగొచ్చిన ఆ ఖనిజాన్నే ఆయన కన్వేయరు బెల్టుల మీద చూశారు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆయన చొక్కాలు వేరే బకెట్లో నానేవి. నీళ్లు ఎర్రగా తిరిగేవి. పిల్లలకి ఆ ఎర్ర నీళ్ల సంగతి చెబితే పెద్దాడు మొదటిసారి ఫోను జేబులో పెట్టాడు. "రక్తంలాగానా?" "కాదురా, ఇటిక రంగు."

సొరంగాలు మొదలయ్యాక ఇక కథలు లేవు. చీకటి పడగానే పెట్టె మొత్తం కేకలు వెయ్యడం ఈ బండిలో అలవాటు. చిన్నది మొదటి రెండు సొరంగాలకీ నా చెయ్యి పట్టుకుంది, మూడోదానికి అందరికన్నా గట్టిగా అరిచింది. శిమిలిగుడలో, 996 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్‌లో, బండి ఆగితే నాన్న దిగి బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

ఆ తర్వాత లాడ్జి, తెల్ల చెప్పులు.

గీజరు పనిచెయ్యలేదు. జనవరిలో అరకు పొద్దున్న ఎలా ఉంటుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. కింద పెరట్లో ఇనప డ్రమ్ము కింద కట్టెలు పెట్టి ఒకావిడ నీళ్లు కాస్తుందట, బకెట్టు తెచ్చుకోవాలట. తాతయ్యకి తెచ్చిపెట్టమని పెద్దాణ్ణి పంపాను. వాడు పది నిమిషాలకి వచ్చాడు. బకెట్టు సగమే ఉంది, మిగతా సగం మెట్ల మీద, వాడి పాదాల మీద. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఆవిరి లేస్తోంది. "ఆవిడ నాలుగింటికే లేస్తుందట అమ్మా. ఈ లాడ్జి అంతటికీ ఒక్కతేనట." అని, ఇంకో బకెట్టు కోసం తనే వెళ్లాడు.

ఇక్కడితో వాడు మారిపోయాడని రాసి ముగిస్తే బాగుండేది. కిందకి టీ తాగడానికి వెళ్లాక, వైఫై పాస్‌వర్డ్ కోసం కౌంటరు కుర్రాడి వైపు మళ్లీ అదే వేలు లేచింది. నేను చూశాను. నేను చూడటం వాడు చూశాడు. వేలు దించి, లేచి కౌంటరు దాకా నడిచివెళ్లి అడిగాడు. పాస్‌వర్డ్ వచ్చింది గానీ నెట్ రాలేదు.

చిన్నది మాత్రం రెండో రాత్రి కూడా చెప్పుల గురించే అడిగింది. దాని బాధ నాకు ఇంటికొచ్చాక అర్థమైంది. మా షూ ర్యాకు అడుగు అరలో అది దాచుకున్న తెల్ల చెప్పులు ఏడు జతలున్నాయి. ఒక్కోదాని మడమ మీద స్కెచ్ పెన్నుతో ఊరి పేరు రాసింది. కేరళ, గోవా, సింగపూర్. అరకు జత లేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. ఘాట్ మలుపుల్లో పిల్లలిద్దరూ నిద్రపోయారు. నాన్న మాత్రం సీట్లో అటూ ఇటూ కదులుతున్నారు. "ఏమైంది నాన్నా?" అంటే కాసేపు ఏం మాట్లాడలేదు. బొర్రా దిగువకి వచ్చాక, పిల్లలకి వినబడకుండా, గొంతు తగ్గించి అన్నారు. "మళ్లీసారి ఆ భీవిలి రోడ్డు హోటలుకే పోదాం అమ్మా. ఈ పరుపు మీద నా నడుం పట్టేసింది. ఆ బాత్రూంలో జారిపోతానేమోనని రెండు రోజులూ సరిగ్గా స్నానం కూడా చెయ్యలేదు."

ఆయనకి డెబ్భై ఆరు. పిల్లలకి పాఠం చెప్పాలన్న ధ్యాసలో ఆ సంగతే మర్చిపోయాను.

మే నెలకి గదులు చూస్తున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7500 దాటని గదికి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. 7400 గది పన్నుతో 7770 అవుతుంది, 7600 గది 8968. రెండొందల తేడా పన్నెండొందలవుతుంది కాబట్టి 7400ది పక్కన పెట్టాను. ఫోటోల్లో ఈతకొలను నాలుగు వైపుల నుంచి చూపించారు గానీ బాత్రూం ఒక్క ఫోటో లేదు. పట్టుకోడానికి గోడకి కడ్డీ ఉందో లేదో రేపు ఫోన్ చేసి అడగాలి.