చున్నీ కింద

2018 మార్చిలో మలయాళ పత్రిక గృహలక్ష్మి కవర్ మీద మోడల్ గిలు జోసెఫ్ బిడ్డకు పాలిస్తున్న ఫోటో వచ్చినప్పుడు ఎంత గొడవ జరిగిందో, ఆమె తల్లే కాదు కదా, నుదుట సిందూరం ఎందుకు అని, కేసు కేరళ హైకోర్టు దాకా వెళ్ళింది, కోర్టు అందులో అశ్లీలం లేదంది. అలా గుడ్లప్పగించి చూడకండి, మేం పాలివ్వాలి అనేదే ఆ కవర్ మీద మాట. అప్పట్లో నాకు పెళ్ళి కాలేదు, అతి చేస్తున్నారనుకున్నాను. తప్పు నాదే.

నిన్న బస్సులో మా మూడు నెలల పాప గుక్కపెట్టి ఏడిస్తే చున్నీ కప్పి పాలు పట్టాను. లోపల దాని మెడంతా చెమట, ఊపిరాడక తల విదిలించుకుంటోంది, పక్క వరుసలో కూర్చున్న ఒకాయన మాత్రం నా మీంచి చూపు తిప్పలేదు. ఆయన కళ్ళలోకి సూటిగా చూసి చున్నీ తీసేశాను. పాప కడుపునిండా తాగి నిద్రపోయింది.