రోజుకు 34 నిమిషాలు ముందు నడిచిన బోర్డు

మూడు రోజులు నన్ను ఏడిపించిన బగ్ నిన్న రాత్రి దొరికింది. దొరికాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే టెంపరేచర్ లాగర్ అది, అంటే ఉష్ణోగ్రతను నమోదు చేసే బోర్డు. సాయంత్రం టైమ్ సెట్ చేసి ఇంటికెళ్తే, మర్నాడు అదే వేళకి 34 నిమిషాలు ముందుంటోంది. మొదట బోర్డు గడియారానికి లయ ఇచ్చే క్రిస్టల్‌నే తిట్టుకున్నాను, పాపం. మామూలు క్రిస్టల్ రోజుకు రెండు మూడు సెకన్లు తప్పుతుందేమో గానీ అరగంట తప్పదు. ఈ ముక్క మొదటి రోజే తట్టాల్సింది.

ఈ సిస్టమ్ కాలాన్ని టిక్‌లలో లెక్కపెడుతుంది, నా లెక్కలో వెయ్యి టిక్‌లంటే ఒక సెకను. చివరికి ప్రతి టిక్‌కీ ఒక పిన్ మారేలా చేసి స్కోప్ (సిగ్నల్‌ను తెర మీద చూపే ఆసిలోస్కోప్) పెట్టాను. ఒక మిల్లీసెకను ఉండాల్సిన చోట 0.977 కనిపించింది. అప్పుడు వెలిగింది. టైమర్‌కి వచ్చే క్లాక్ 32768 హెర్ట్జ్, నేను రాసిన టిక్ రేటు 1000. భాగిస్తే 32.768 రావాలి. పూర్ణాంకాల భాగహారం కదా, చుక్క తర్వాతదంతా గాలికి పోయి 32 మిగిలింది. అంటే సెకనుకు 1000 బదులు 1024 టిక్‌లు. కాగితం మీద లెక్కేస్తే రోజుకు 2,073 సెకన్లు అదనం. అక్షరాలా 34 నిమిషాల 33 సెకన్లు!

టిక్ రేటు 1024 చేశాను, శేషం లేకుండా భాగం పోతుంది. అసలు చాకిరీ ఆ తర్వాతే. టిక్ అంటే మిల్లీసెకనే అనుకుని డిలేల్లో (కోడ్ కాసేపు ఆగాల్సిన చోట్ల) నేరుగా 500, 1000 అని రాసేసిన చోట్లన్నీ వెతికి, మిల్లీసెకన్లను టిక్‌లుగా మార్చే మాక్రో పెట్టాలి. వాటిలో సగం నేను రాసినవే.

ఇవాళ సాయంత్రం చూస్తే ఒక్క సెకను తేడా. దాన్ని మాత్రం క్రిస్టల్ ఖాతాలో వేసేశాను.